కంప్యూటర్‌లో గదులిచ్చే బాబాయి

మా బాబాయికి ఉన్న పిచ్చి ఒక్కటే. ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా, "నా కంప్యూటర్‌లో నీకో గది ఇస్తాను, వచ్చి చేరిపో" అంటాడు. లాప్‌టాప్ పాడైందన్నవాళ్ళకూ అదే మందు, పిల్లవాడు లెక్కల్లో వెనకబడ్డాడన్నవాళ్ళకూ అదే మందు. ఒకసారి దవడ పట్టుకుని పన్నునొప్పితో మూలుగుతూ వచ్చిన చుట్టానికి కూడా, "గదిస్తాను, నీ పళ్ళ ఎక్స్‌రేలన్నీ అందులో పెట్టుకో, పెద్దగా చేసి చూడొచ్చు" అన్నాడు. ఆయన నొప్పి మరిచిపోయి మెట్లు దిగి పారిపోయాడు.

తమాషా ఏమిటంటే, మా బాబాయి స్వయంగా అద్దె ఇంట్లో ఉంటాడు. గోడకు మేకు కొట్టాలంటే కింది వాటాలో ఉండే ఓనరును బతిమాలుకోవాలి. కంప్యూటర్ లోపల మాత్రం ఆయనే ఓనరు. ఎవరు ఎప్పుడు వస్తున్నారు, ఎవరు చెత్త పేరుస్తున్నారు, ఎవరు తాళం వెయ్యకుండా పోయారు, అన్నీ ఆయనకే కావాలి.

ఈ గదుల సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. ఒక పెద్ద కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో అడ్డుగోడలు కట్టి, అందులోనే చాలా కంప్యూటర్లు ఉన్నట్టు చెయ్యొచ్చు. వాటిని వర్చువల్ మెషీన్లు అంటారు. ఎవరిది వాళ్ళదే, ఒకరి గోల ఒకరికి వినబడదు. మనం మన ఇంట్లో కూర్చుని, మూలన పడేసిన పాత లాప్‌టాప్‌తో తలుపు తట్టినా చాలు. చాకిరీ అంతా ఆ పెద్ద యంత్రం చేసి, తెర మీద బొమ్మ మాత్రం మనకు పంపుతుంది. పెద్ద ఆఫీసులు చేసే పని ఇది. ఇంట్లో చేసేవాళ్ళు తక్కువ. చేసి, దాన్ని సంసారంలా ఈదేవాడు నాకు తెలిసి మా బాబాయి ఒక్కడే.

దీనికంతటికీ మూలం ఆయన ఉద్యోగం. బస్సుల ఆఫీసులో టైం టేబుళ్ళు వేసేవాడు. ఏ బస్సు ఏ దారిన వెళ్ళాలి, ఎక్కడ ఎంతసేపు ఆగాలి, ఎవరిని ఎందులో సర్దాలి అన్నదే ఆయన లోకం. ఖాళీ సీటుతో పోతున్న బస్సును చూస్తే ఆయనకు ప్రాణం విలవిల్లాడేది.

"ఇంటింటికీ ఒక కంప్యూటర్ కొంటారు. రోజంతా అది గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటుంది. మనిషొక్కడికి బస్సొకటా?" అని మండిపడేవాడు. "ఒక్క బండి చాలురా, అందరం సర్దుకుంటే!"

ఆఫీసువాళ్ళు కొత్త యంత్రాలు పెట్టుకుని పాత సర్వరును అవతల పారేస్తుంటే, మా బాబాయి దాన్ని అడిగి తెచ్చుకున్నాడు. ఆటోలో కుదుపులు ఎక్కువని బస్సులో తెచ్చాడు. పక్క సీట్లో కూర్చోబెట్టి, దానికీ టికెట్ తీసుకున్నాడు. "ఇదేంటి సార్?" అని కండక్టరు అడిగితే, "మావాళ్ళే" అన్నాడట.

ఇళ్ళలో వాడే మామూలు ఆపరేటింగ్ సిస్టం ఆయనకు ఆనలేదు. ఆఫీసుల్లో పెట్టే సర్వర్ ఆపరేటింగ్ సిస్టం తెచ్చి ఎక్కించాడు. ఆ మీదట ఒక పెద్ద గ్రాఫిక్స్ కార్డు కొని లోపల బిగించాడు. తెర మీద బొమ్మలు గీసే పనంతా ఆ కార్డుది. కదిలే బొమ్మలు, లోతున్న బొమ్మలు కావాలంటే అది లేనిదే కుదరదు.

"మామూలు సిస్టం పెట్టుకుంటే పోయేది కదా బాబాయ్?" అన్నాను.

"దానికి కార్డును ముక్కలు చేసి గదులకు పంచడం చేతకాదురా. పంపకాలకు పెద్దమనిషి ఉండాలి. ఇది పెద్దమనిషి."

ఆ పెద్దమనిషికి ఒక చాదస్తం ఉంది. ఆపేద్దామని చూస్తే, ఎందుకు ఆపుతున్నారో కారణం చెప్పమని అడుగుతుంది. చెబితే తప్ప కన్ను మూయదు. మా పిన్నికి అది నచ్చేది కాదు. పైగా ఆ యంత్రం చేసే రొద సామాన్యమైంది కాదు, స్టోర్ రూమ్‌లో ఉన్నా వంటింట్లో గిన్నెలు వణికేవి. పిన్ని రెండుమూడు రోజులకోసారి వెళ్ళి దాన్ని ఆపేసేది. సాయంత్రం బాబాయి ఆఫీసు నుంచి వచ్చి, ఆవిడ చెప్పిన కారణం చదివి, చెప్పులైనా విప్పకుండా వంటింటి గుమ్మంలో నిలబడేవాడు.

"'వేడి' అని ఒక్క ముక్క రాస్తే ఎలాగోయ్? ఏ వేడి? కార్డు వేడా? ప్రాసెసర్ వేడా?"

"నా ఒళ్ళు వేడి."

"నిన్న 'మొగుడు' అని రాశావు. అదో కారణమా?"

"అన్నిటికీ అదే కారణం."

ఇంటి ఓనరు ఒకసారి ఈ రొద భరించలేక తగువుకు పైకొచ్చాడు. మా బాబాయి ఆయన్ని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, కంప్యూటర్‌లో ఓ గదిచ్చాడు. అందులో చదరంగం పెట్టాడు. ఆ పూట నుంచి ఓనరు మళ్ళీ రొద మాట ఎత్తలేదు. ఎత్తబోతే బాబాయి, "గది ఖాళీ చేస్తారా మరి?" అనేవాడు. ఇంటి ఓనరు మా బాబాయి దగ్గర అద్దెకున్నాడని వీధంతా చెప్పుకునేవారు.

నేను చదువుకునే రోజుల్లో వాళ్ళ ఇంట్లోనే ఉన్నాను. రసాయన శాస్త్రం చదివాను. అణువులు ఎలా మెలికలు తిరుగుతాయో కంప్యూటర్ మీద చూసుకోవడానికి నాకూ గది దొరికింది. ఇంట్లో నాకు వేరే గది లేదు, హాల్లో సోఫా మీద పడుకునేవాణ్ణి. అయినా బాబాయి పొద్దున్నే పళ్ళు తోముకుంటూ వచ్చి, "నీ గది బొత్తిగా చిందరవందరగా ఉందిరా" అంటే, చుట్టాలు నా సోఫా వైపు చూసేవారు.

ఆ స్టోర్ రూమ్ వాసన నాకు ఇప్పటికీ గుర్తుంది. వేడెక్కిన దుమ్ము, పాత అట్టపెట్టెలు, సర్వరు వెనకాల వెచ్చటి గాలికి పిన్ని ఆరేసిన మేజోళ్ళు. వానాకాలంలో ఇంటిల్లిపాదీ ఏదో వంక పెట్టుకుని అక్కడే చేరేవాళ్ళం. ఇప్పుడు నా ఇంట్లో యంత్రాలన్నీ సద్దు చెయ్యవు. మా పాప నిద్రపోతే ఆ నిశ్శబ్దంలో ఊపిరి వినబడుతోందా లేదా అని నేను లేచి లేచి చూస్తుంటాను. ఆ రొద ఉన్నప్పుడే నయం, ఏదో ఒకటి నడుస్తోందన్న ధైర్యం ఉండేది.

బాబాయి తన కోసం అట్టిపెట్టుకున్న గది ఒకటి ఉంది. అందులో ఉన్నది విమానం. విమానం నడిపే ఆట అంటే ఆయన ఊరుకోడు. "ఆట కాదురా, సర్వీసు" అంటాడు. దానికి ఒక టైం టేబుల్ వేశాడు. ఆఫీసు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, టీ తాగి, సరిగ్గా టైముకు తెర ముందు కూర్చునేవాడు. పక్కన కుర్చీలో పిన్ని. ఆవిడ ఉతికిన బట్టలు మడతపెట్టుకోవడానికి అక్కడ కూర్చునేదే గానీ, బాబాయి లెక్కలో ప్రయాణికురాలు.

"ప్రయాణికులకు నమస్కారం. మరి కాసేపట్లో మనం సముద్రతీరానికి బయల్దేరుతున్నాం."

"ఆ తువ్వాలు ఇలా అందుకోండి."

"ఎడమవైపు చూస్తే మంచుకొండలు కనిపిస్తాయి."

"తువ్వాలండీ."

నాకు పెళ్ళయింది, ఒక లాబ్‌లో ఉద్యోగమొచ్చింది, అదే ఊళ్ళో వేరే కాపురం పెట్టాను. మా ఆవిడ పని కట్టని ఇళ్ళ బొమ్మలు గీయడం. బొమ్మలంటే కాగితం మీదవి కావు. ఇంకా పునాది కూడా తవ్వని భవనంలోకి మనం తలుపు తోసుకుని నడిచి వెళ్తున్నట్టు, కిటికీలోంచి ఎండ పడుతున్నట్టు తెర మీద చూపిస్తుంది. ఆవిడ ఆఫీసు పెద్దాయన మొదటిసారి ఒక భవనం మొత్తాన్ని ఆవిడ చేతికి అప్పగించాడు. పిల్లల లైబ్రరీ. మెట్ల దగ్గర్నుంచి పైకప్పు దాకా ఆవిడ ఊహే.

అప్పుడే డాక్టరు, "కాన్పయ్యేదాకా మంచం దిగడానికి వీల్లేదు" అంది.

నేను కంగారుగా మంచం చుట్టూ తిరిగాను. మా ఆవిడ మాత్రం దిండుకు చేరగిలబడి ఆఫీసుకు ఫోన్ చేసి, ఇంటి నుంచి చేస్తానంది. అవతల ఆఫీసు పెద్దాయన చెడ్డవాడు కాదు. "ఆ పని నీ లాప్‌టాప్ మొయ్యదమ్మా. ఇక్కడి యంత్రం ఇంటికి పంపలేను. ఇంకెవరికైనా అప్పగిస్తాను, నువ్వు విశ్రాంతి తీసుకో" అన్నాడు. ఫోన్ పెట్టేసి ఆవిడ గోడవైపు తిరిగింది. నేను థర్మామీటర్ పెట్టి జ్వరం చూశాను.

"జ్వరం లేదు. ఇంకొకరు నా లైబ్రరీ కడతారు, అంతే" అంది.

ఆ సాయంత్రం బాబాయీ పిన్నీ చూడ్డానికి వచ్చారు. విషయం విని బాబాయి గొంతు సవరించుకున్నాడు. ఆయన ఏమంటాడో మాకు తెలుసు.

"అమ్మాయ్, నా కంప్యూటర్‌లో నీకో గది ఇస్తాను. వచ్చి చేరిపో."

ఆ మాటకు నవ్వు రాకపోవడం అదే మొదటిసారి.

మా ఆవిడ గభాలున ఇటు తిరిగింది. "మీ కార్డు పెద్దదేనా మామయ్యా?"

"నువ్వు పైకప్పు వెయ్యమ్మా. కార్డు సంగతి ఓనరు చూసుకుంటాడు."

మర్నాటికల్లా ఆవిడ పాత లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, కదలకుండా పడుకుని, లైబ్రరీలో తిరగడం మొదలుపెట్టింది. లాప్‌టాప్ వేడి కడుపుకు తగులుతుందేమోనని నేను లాబ్ నుంచి థర్మామీటర్ తెచ్చి దాని కింద పెట్టాను. బాబాయికి ఫోన్ చేస్తే విసుక్కున్నాడు.

"అది చల్లగానే ఉంటుందిరా. చెమటలు పట్టేది ఇక్కడ మా స్టోర్ రూమ్‌కి. నీకేం చదువు చెప్పార్రా?"

ఆ రోజుల్లోనే బాబాయి విమాన సర్వీసుకు పొగమంచు పట్టుకుంది. ఏ సాయంత్రం చూసినా తెర మీద బూడిదరంగే. కొండల్లేవు, ఊళ్ళు లేవు, రన్‌వే లేదు. కింద మీటర్లు మాత్రం కనిపిస్తుండేవి. నేను ఏదో పని మీద వెళ్ళినప్పుడు చూస్తే, బాబాయి ఆ బూడిదలోకి కళ్ళు చికిలించుకుని చూస్తూ కూర్చుని ఉన్నాడు.

"కుడివైపు ఒక అందమైన చెరువు ఉంది. ప్రస్తుతం కనిపించదు" అని ప్రకటించాడు.

"ఇక్కడ ఎండ మాడు పగలగొడుతుంటే మీకొక్కరికే పొగమంచేమిటండీ?" అంది పిన్ని, దుప్పటి మడతపెడుతూ.

"అది అక్కడి వాతావరణం."

"నిన్న ఎడారి మీదుగా వెళ్ళాం. అక్కడా పొగమంచే!"

"ఎడారిలో అప్పుడప్పుడు పడుతుంది. నీకు తెలియదు."

ఇంతలో ఢామ్మని చప్పుడైంది. పిన్ని తలైనా ఎత్తలేదు. "మళ్ళీ కొండేనా?"

"దారికి అడ్డంగా ఉంది" అన్నాడు బాబాయి.

ఇంటి ఓనరు కూడా పైకొచ్చి చూసి, "పోనీ వాతావరణం మార్చుకోవచ్చుగా, ఆ ఆటలో మీట ఉంటుందట" అన్నాడు. బాబాయి కోపంగా చూసి, "పైలట్లు వాతావరణం మార్చరు. మీరు మీ గుర్రాన్ని చూసుకోండి, ఏనుగు నోట్లో ఉంది" అన్నాడు. ఓనరు చదరంగం గుర్తొచ్చి పరుగెత్తాడు.

ఇంటికి వెళ్ళి ఈ పొగమంచు కథంతా నటించి చూపిస్తే మా ఆవిడ కడుపు పట్టుకుని నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. లాప్‌టాప్ తెర నావైపు తిప్పింది.

"చూడు. కార్డు ఎంత ఉందో అంతా నాకే కనిపిస్తోంది. నాకిచ్చింది ముక్క కాదు, కార్డు మొత్తం."

"అయితే?"

"నా పనే ఇది కదా. దూరంగా ఉన్నవి గీసే ఓపిక యంత్రానికి లేకపోతే, మేం అక్కడ పొగమంచు వేసి మూసేస్తాం. ఏమీ గీయక్కర్లేదు, చూసేవాళ్ళకు అనుమానం రాదు. మామయ్యకు వాతావరణం బాగాలేక కాదు. ఆయనకు నేల గీసుకోవడానికి కార్డు లేదు." తెర మళ్ళీ తనవైపు తిప్పుకుని, "ఊరందరికీ గదులిచ్చి ఆయన వరండాలో పడుకున్నాడు" అంది.

మర్నాడు లాబ్ నుంచి తిన్నగా బాబాయి దగ్గరికి వెళ్ళాను.

"నీ గదిలో కార్డు ఎంత ఉంది బాబాయ్?"

"ఓనరు గదిలోకి అద్దెవాళ్ళు తొంగిచూడకూడదు."

"ఏమీ లేదు కదా?"

"ఎందుకు లేదు? విమానం రెక్క కనబడుతోందిగా. ఎడమ రెక్క."

"కుడి రెక్క?"

"దాంతో నాకేం పనిరా? పైలట్ కూర్చునేది ఎడమవైపు."

నేను కదలకుండా నిలబడ్డాను. బాబాయి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. "అమ్మాయితో అనకు. మొహమాటపడి కాస్త తిరిగిచ్చేస్తుంది. ఆ కాస్త దగ్గరే దాని పైకప్పు ఆగిపోతుంది."

"నాకు చెప్పిందే తను."

బాబాయి కంగారుపడ్డాడు. ఎదురుదాడికి దిగాడు. "చెబితే చెప్పింది! నిండు బస్సులోకి కడుపుతో ఉన్న మనిషి ఎక్కితే ఏం చేస్తాం? లేచి నిలబడతాం. నిలబడ్డవాణ్ణి పట్టుకుని 'ఏమయ్యా, సీటు లేదా' అని అడుగుతారట్రా ఎవరైనా? పో, పోయి మంచినీళ్ళు తాగు."

వెళ్ళి మంచినీళ్ళు తాగాను. వంటింట్లో పిన్ని నన్ను చూసి నవ్వింది. "నాకు మొదటి రోజే తెలుసురా. కిటికీ బయట ఏమీ లేకపోయినా ఉన్నట్టు చెప్పడం ఎంత కష్టమో. వింటుంటే బాగానే ఉంది" అంది.

లైబ్రరీ పూర్తయింది. మిగిలింది దాన్నంతా కదిలే బొమ్మగా గీయడం. ఆ పని మొదలుపెడితే పొద్దున్నించి సాయంత్రం దాకా యంత్రం ఒక్క క్షణం ఆగకూడదు. ఆగితే మళ్ళీ మొదటికి రావాలి. ఆఫీసు పెద్దాయన చెప్పిన గడువు ఆ సాయంత్రమే. ఇటు డాక్టరేమో, నొప్పులు ఏ రోజైనా రావచ్చని చెప్పింది. నేను సెలవు పెట్టి, మా అత్తగారిని మా ఆవిడ దగ్గర ఉంచి, బాబాయి ఇంటికి పరుగెత్తాను.

బాబాయి ఆ రోజు అద్దెవాళ్ళందరినీ ఖాళీ చేయించాడు. కంప్యూటర్‌లో పిన్నికిచ్చిన గది కూడా మూసేశాడు. తన విమానాన్ని షెడ్డులో పెట్టాడు. ఓనరు చదరంగం మధ్యలో ఆగిపోయింది.

"నా మంత్రి చావుబతుకుల్లో ఉన్నాడండీ!" అని ఓనరు పైకొచ్చాడు.

"అలాగే ఉండనివ్వండి. అక్కడ లైబ్రరీకి పైకప్పు వేస్తున్నాం. మీ ఫ్యాన్ ఏదీ?"

మధ్యాహ్నానికి స్టోర్ రూమ్ ఇటుకల బట్టీలా కాలిపోయింది. ఇంట్లో ఉన్న ఫ్యాన్లన్నీ తెచ్చి సర్వరు చుట్టూ పెట్టాం. అది చాలక కింది వాటాలోంచి ఓనరు ఫ్యాన్ కూడా పైకొచ్చింది. ఓనరు తన ఫ్యాన్ గాలి తగులుతుందేమోనని అక్కడే కూలబడ్డాడు. బాబాయి గుమ్మంలో పీట వేసుకుని, ఎవరినీ మెయిన్ స్విచ్ వైపు పోనివ్వకుండా కాపలా కాశాడు. పిన్ని గ్రైండర్ వేస్తానంటే, "ఈ పూట నమలగలిగింది ఏదైనా పెట్టు" అన్నాడు. నేను మాత్రం ఒక చెవి ఫోన్‌కీ, ఒక చెవి సర్వరుకీ ఇచ్చి నిలబడ్డాను. ఫోన్ మోగినా, సర్వరు రొద ఆగినా నా పని అయిపోయినట్టే.

ఎండ వాలుతుండగా ఫోన్ మోగింది. మా ఆవిడ.

"నొప్పులా?" అని అరిచాను.

"కాదు. అయిపోయింది. పైకప్పుతో సహా. పంపించేశాను."

బాబాయి నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. "ఎండ పడుతోందామ్మా కిటికీలోంచి?"

"పడుతోంది మామయ్యా."

"ఊఁ" అని ఫోన్ తిరిగి నాకిచ్చి, ఆయన ఓనరు ఫ్యాన్‌ను ఓనరు వైపు తిప్పాడు.

ఆఫీసు పెద్దాయనకు లైబ్రరీ నచ్చింది. కట్టే బాధ్యత ఆవిడ పేరు మీదే ఉంచాడు. "ఇంతకీ ఎవరి యంత్రం మీద చేశావమ్మా?" అని అడిగితే, ఆవిడ "మా మామయ్యగారి స్టోర్ రూమ్‌లో" అంది. ఆయన అదేదో కంపెనీ పేరనుకుని రాసుకున్నాడు. తర్వాత కొద్ది రోజులకే మా పాప పుట్టింది.

పాపను తీసుకుని మొదటిసారి బాబాయి ఇంటికి వెళ్ళినప్పుడు, మా ఆవిడ ఎవరినీ అడక్కుండా సర్వరు ముందు కూర్చుంది. తన గదిలోంచి కార్డు తీసి బాబాయి గదికి రాసేసింది. "ఓనరు ఉండగా అద్దెవాళ్ళు గోడలు జరుపుతారా!" అని బాబాయి కేకలు వేశాడు గానీ, ఆపలేదు. సర్వీసు టైమైంది. అందరం చుట్టూ చేరాం.

బూడిదరంగు పోయింది. నీలం ఆకాశం, పచ్చటి పొలాలు, వాగులు, మబ్బుల నీడలు. విమానానికి రెండు రెక్కలూ వచ్చాయి.  బాబాయి ప్రకటనలు కూడా మరిచిపోయి చూస్తూ నడిపాడు. ఎప్పటిలాగే గడియారం చూసుకుని, ఎప్పటిలాగే మీటర్లు చూసుకుని, పొగమంచు రోజుల్లో దించిన చోటే దించాడు. దించి, చుట్టూ చూశాడు. నాలుగు పక్కలా కొండలు. ఒక మూల గొర్రెలు మేస్తున్నాయి.

"ఒరేయ్," అన్నాడు సన్నగా, "సముద్రం ఏదిరా?"

మా ఆవిడ తెర వైపు వంగి చూసింది.

"పొగమంచులో ఇన్నాళ్ళూ నేను దిగింది ఇక్కడా? రోజూ 'సముద్రతీరానికి స్వాగతం' అన్నానే! ఒక్కరోజు కూడా లేటు లేదు... ఊరే కాదా?"

పిన్ని చేతిలో చొక్కా ఒళ్ళో పడిపోయింది. కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "పోనీలెండి, ప్రయాణికురాలిని నేనొక్కదాన్నే కదా. నేనేమీ ఫిర్యాదు చెయ్యలేదుగా."

"అదేం మాట! టికెట్ తీసుకున్న మనిషికి సముద్రం చూపించకుండా ఎలా?" బాబాయి విమానం మళ్ళీ స్టార్ట్ చేసి, వెనక్కి తిరగకుండానే చెయ్యి ఊపాడు. "అందరూ ఎక్కండి, వెనక్కి వెళ్తున్నాం. ఆ చిన్నదాన్ని ఇలా ముందుకు తీసుకురండోయ్, దానికి కిటికీ సీటు."

పిన్ని పాపను ఎత్తుకుని, కుర్చీ తెరకు దగ్గరగా జరుపుకుంది.